ఈస్టర్ మర్నాడు

ఈస్టర్ ముందు శనివారం గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరి సమాధుల తోటకైనా వెళ్లి చూడండి. కళ్లు మూసుకుని ధ్యానం చేసేవాళ్లు ఎవరూ కనిపించరు. అంతా పనిలో ఉంటారు. ఒకాయన లుంగీ ఎగ్గట్టి తుమ్మ కంప కొడుతుంటాడు. ఇద్దరు కుర్రాళ్లు బకెట్లో సున్నం కలిపి, కుంచె చాలక కొబ్బరి పీచుతో పూసేస్తుంటారు. ఓ పెయింటరు డబ్బా పట్టుకుని సమాధి సమాధికీ తిరుగుతూ, వానలకు చెరిగిపోయిన పేర్ల మీద నల్లరంగు దిద్దుతుంటాడు. బేరం అక్షరాల లెక్కన.

"పుట్టిన తారీఖు ఎందుకులేరా, పోయింది రాస్తే చాల్దూ" అని ఓ ముసలమ్మ డబ్బు తగ్గించబోతుంది.

"అది కాదు మామ్మా, ‘ప్రభువునందు నిద్రించెను’ అన్నది తీసేద్దాం. అదే పొడుగు."

"అదెట్టా తీస్తావురా? అసలు సంగతి అదే గదా!" అని ఆవిడ కొంగు ముడి విప్పుతుంది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికల్లా తోట నిండిపోతుంది. కొవ్వొత్తులు, మల్లెలు, బంతిపూలు, మైకు సెట్టు, డప్పులూ తాళాలూ. మార్చి 21 నాడో ఆ తర్వాతో వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్ కాబట్టి, పండుగ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే తిరుగుతుంది. అంటే మనకు మిరప కోతలై యార్డుకు కాయ చేరే రోజులు. ఎనిమిది దాటితే ఎండ నిలవనివ్వదు, ఆరాధన ఆలోపే ముగియాలి. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లకు సమాధుల పండుగ నవంబరు 2న. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాల్లో చాలాచోట్ల మాత్రం ఈస్టరే సమాధుల పండుగ.

ఇందులో ఒక విశేషం ఉంది, అలవాటైపోయి ఎవరూ గమనించరు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లకూడదనే ఆచారం ఉన్న నేల ఇది. కట్టెను సాగనంపడానికి కూడా వీధి మలుపు దాటనివ్వని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే ఊళ్లో, అదే తెల్లవారుజామున, తలంటుకుని పూలు పెట్టుకున్న ఆడపిల్లలు చంటిపిల్లల్ని చంకనేసుకుని సమాధుల మధ్య తిరుగుతుంటారు. పిల్లలు తాత సమాధి మీద ఎక్కి కూర్చుంటారు. దయ్యం మాట ఎవరూ ఎత్తరు.

సువార్తలు నాలుగూ ఏకమయ్యే చోటు కూడా ఇదే. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్లు. మగ్దలేనే మరియ పేరు నాలుగింటిలోనూ ఉంది. వాళ్లు పరిగెత్తుకొచ్చి చెబితే మగ శిష్యులు వెర్రిమాటలని కొట్టేశారని లూకా దాచకుండా రాశాడు. ఆ కొట్టిపారేయడం మన సంఘాల్లో చాలాకాలం సాగింది. బైబిలు స్త్రీలుగా ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పినవాళ్లు, బళ్లు నడిపినవాళ్లు, కానుకలు పోగుచేసినవాళ్లు ఆడవాళ్లే. పుల్పిట్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం వెనక బెంచీ. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947లో ఏర్పడితే, దానికి మొదటి మహిళా బిషప్ వచ్చింది 2013లో. నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత. తెలుగు నేల మీదే అది జరగడం మనకు గొప్పే. అరవై ఆరేళ్లు పట్టడం అంత గొప్ప కాదు.

ఒంటి సంగతి

మనవాళ్లు గుడ్ ఫ్రైడేని చేసినంత శ్రద్ధగా ఈస్టర్‌ని చేయరు. శ్రమల దినాలని నలభై రోజులు ఉపవాసాలు, సిలువ ధ్యానాలు, శుక్రవారం పన్నెండింటి నుంచి మూడింటి దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. ఏడుపు మనకు వచ్చు. ఆదివారం ఎనిమిదికి బెనెడిక్షన్ అయ్యాక బిర్యానీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రానికి పండుగ అయిపోతుంది. సంఘ క్యాలెండరేమో ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా యాభై రోజులు సంతోషానికి కేటాయించింది. దుఃఖానికి నలభై, సంతోషానికి యాభై. ఆ యాభై రోజుల్లో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియనట్టే ఉంటుంది. ఈ కథనం ఆ రోజుల గురించే.

ఈస్టర్ ఏం చెబుతుందో ముందు సరిగ్గా వినాలి. ఆత్మకు చావు లేదన్న మాట తెలుగువాడి చెవికి కొత్త కాదు, గీత తెరవనివాడికీ తెలుసు. క్రైస్తవుల ఇంట్లో చావు జరిగినా పరామర్శకు వచ్చినవాళ్లు ఆత్మశాంతి మాటే చెప్పి వెళతారు, ఇంటివాళ్లూ తల ఊపుతారు. ఈస్టర్ చెప్పేది అంతకంటే మొరటు సంగతి. పాతిపెట్టిన ఒళ్లు లేచిందంటుంది. అందరి ఒళ్లూ లేస్తాయంటుంది. నమ్మడం కష్టమే, మొదటి శతాబ్దంలోనూ కష్టమే. ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు ప్రసంగాన్ని అప్పటిదాకా మర్యాదగా విన్న పండితులు, చచ్చినవాళ్లు లేవడం అన్న మాట రాగానే కొందరు నవ్వేశారు. పైథాగరస్, ప్లేటోల పుణ్యమా అని ఆత్మ గురించి వాళ్లకూ తెలుసు. ఒళ్లు ఎందుకు, వదిలిపోతేనే హాయి కదా అన్నది వాళ్ల లెక్క.

లేచిన యేసు చేసిన పనులు చూస్తే ఇంకా ఆశ్చర్యం. పగతీర్చుకోవడానికి, తనకు సిలువ వేయించిన పిలాతు మేడ ఎక్కలేదు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క తీసుకుని శిష్యుల ముందే తిన్నాడు. యోహాను సువార్త చివరి అధ్యాయంలోనైతే తనే వండాడు. రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని జాలర్ల కోసం బొగ్గుల మీద చేప, పక్కన రొట్టె. ఆ జాలర్లలో పేతురు ఉన్నాడు, యేసు పట్టుబడిన రాత్రి ఈయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకినవాడు. అతన్ని నిలదీయలేదు. ముందు కడుపు నింపి, తర్వాత మళ్లీ పని అప్పగించాడు. నిజాంపట్నం, ఉప్పాడ జాలరిపేటల్లో ఈ అధ్యాయం చదివితే వివరించాల్సిన పనుండదు. రాత్రి వేటకు పోయి ఖాళీగా తిరిగొచ్చిన పడవ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

ఇంకొకటి. లేచిన ఒంటికి గాయాల మచ్చలు అలాగే ఉన్నాయి. తోమా వేలుపెట్టి చూడమనిపించుకున్నది వాటినే. మైలాపూరు దాకా వచ్చి ప్రాణం విడిచాడని సంప్రదాయం చెప్పే తోమా ఈయనే. కొత్త ఒళ్లు ఇచ్చే దేవుడు పాత మచ్చలు తుడిచేయొచ్చు కదా! తుడవలేదు. ఈ ఒంటి మీద జరిగినవాటికి లెక్క ఉందని, అవి మరుపున పడవని దాని అర్థంగా నాకు తోస్తుంది. వందల ఏళ్లు ముట్టుకోకూడనిదని అనిపించుకున్న ఒంటికి ఆ కబురు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. మాలపల్లెలూ మాదిగపల్లెలూ ఈ మతం వైపు ఎందుకు వెళ్లాయన్న చర్చలో గోధుమపిండి, పాలపొడి మాటలు చాలా విన్నాం. ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ముట్టుకున్న చేతులు

ఒళ్లు లేస్తుందని నమ్మేవాడు ఒంటిని చులకన చేయలేడు. క్రైస్తవులు ఈ నమ్మకానికి ఇచ్చిన మంచి జవాబులన్నీ ఈ దారినే వచ్చాయి. క్రీ.శ. 260 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో మహమ్మారి చెలరేగినప్పుడు అక్కడి బిషప్ డయొనీసియస్ తన ఈస్టర్ లేఖలో రాసింది పండుగ శుభాకాంక్షలు కావు. రోగుల్ని మోసి, కడిగి, కళ్లు మూసి, పాతిపెట్టి, ఆ జబ్బుతోనే తామూ పోయిన సంఘస్థుల గురించి రాశాడు.

మన దగ్గర ఆ జవాబు చూడాలంటే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి వెళ్లాలి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత చేయూత ఇచ్చారు. అప్పటికి ఆ జబ్బుకు మందంటూ సరైనది లేదు. చాల్‌మోగ్రా నూనెను సూదితో ఎక్కించేవారు, చిక్కటి నూనె, ఎక్కించిన చోట వాచి సలిపేది. వారం వారం అదే. తగ్గినవాళ్లు ఉన్నారు, తగ్గనివాళ్లు ఎక్కువే. కానీ ఊరి బయటకు తోసేసిన మనిషి చేతిని పట్టుకుని పుండు కడిగి కట్టు కట్టడమన్నది ఉంది చూశారూ, దానికి మందు కనిపెట్టేదాకా ఆగక్కర్లేదు. అదే ఏడాది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరిచారు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. మంచి గాలి, పాలు, గుడ్లు, పడక, పక్కన మనిషి. వైద్యమంతా అంతే.

దొరసానుల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. గుంటూరులో డాక్టర్ ఆనా కూగ్లర్ పేరు ఆసుపత్రికే ఉంది, 1883లో వచ్చి 1930లో అక్కడే కన్నుమూశారు. పుస్తకాల్లోకి ఎక్కనిది మన ఆడపిల్లలు. పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తే పనని పరువుగల ఇళ్లవాళ్లు మొహం తిప్పుకున్న రోజుల్లో నర్సింగ్‌లో చేరింది క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. జీతం కోసం చేరారనవచ్చు. చేరారు, తప్పేముంది? నైట్ డ్యూటీలో బెడ్‌పాన్ మార్చేటప్పుడు పునరుత్థాన సిద్ధాంతం ఎవరికీ గుర్తు రాదు. ఆ సిద్ధాంతం మాత్రం ఆ చేతుల్లోనే బతికింది.

ఇంట్లో జరిగేదీ అదే పని. మనిషి పోగానే ఆ ఇంటి ఆడవాళ్లో మగవాళ్లో గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు కడిగి, తల దువ్వి, మడత విప్పని బట్టలు కట్టి, పెట్టెలో పడుకోబెడతారు. తోటలో పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి వేస్తారు. పసిపిల్లల చేత కూడా వేయిస్తారు. చాకిరీ చేసి చేసి అరిగిన ఒంటికి అంత మర్యాద బతికుండగా జరగకపోవడమే బాధ. మంచాన పడ్డ అత్తకు అన్నం పెట్టడానికి విసుక్కుని, పోయాక గ్రానైట్ సమాధి కట్టించే కొడుకులూ కోడళ్లూ మన సంఘాల్లో తక్కువేం లేరు.

చావు తర్వాత మిగిలే భార్య సంగతి ఇంకా విడ్డూరం. భర్త మహిమలో ఉన్నాడని ఆదరణ కూడికలో అరగంట ప్రసంగిస్తారు. ఆ మరుసటి నెల మేనకోడలి పెళ్లిలో ఆమెను పందిట్లో వెనక్కి నిలబెడతారు, దండ ఆమె చేతికివ్వరు. చావు ఓడిపోయిందని పాడేవాళ్లకు విధవరాలి నీడ అంటే ఇంకా భయమే.

తోటలో గోడ

పాతిపెట్టడమా, దహనమా అన్న ప్రశ్న ఇప్పుడు పట్నాల్లో గట్టిగా వినిపిస్తోంది. హైదరాబాదులో పాత క్రైస్తవ శ్మశానాల్లో చోటు లేదు. కుటుంబ సమాధినే తెరిచి తల్లి మీద కొడుకును, తాత మీద మనవణ్ణి ఉంచుతున్నారు. దహనం చేస్తే లేవడం ఎలాగన్న అనుమానం సామాన్య విశ్వాసిది. బూడిదలోంచి లేపలేని దేవుడు మట్టిలోంచి మాత్రం ఎలా లేపుతాడని ఎదురు ప్రశ్న. కాథలిక్ సంఘం 1963లోనే దహనాన్ని అనుమతించింది. 2016లో మాత్రం అస్థికలు ఇంట్లో దాచుకోవద్దు, గాల్లో చల్లొద్దు, పవిత్ర స్థలంలోనే ఉంచండని చెప్పింది. కొవిడ్ మొదటి ఏడాది, 2020 జులైలో, కేరళలో ఆలప్పుళ డయాసిస్ నీరు ఊరే నేలలో లోతుగా తవ్వలేక, చనిపోయినవారిని చర్చి శ్మశానంలోనే దహనం చేసి అస్థికల్ని అక్కడే భూస్థాపన చేసింది. నమ్మకానికి ఇబ్బందేమీ రాలేదు.

పల్లెల్లో గొడవ వేరు. అక్కడ తవ్వడానికే నేల లేదు. చెరువు గట్టు, వాగు ఒడ్డు, పోరంబోకు. వరదొస్తే కొట్టుకుపోయే చోటు దళితవాడకు శ్మశానం. ఇంకో మెలిక కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలోకి వెళ్లిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. అందుకే బతికినన్నాళ్లూ కాగితాల మీద ఒక మతం, లోపల ఒక మతం. చాలామందికి తాము నమ్మింది బహిరంగంగా రాసుకునే చోటు సమాధి రాయి ఒక్కటే. ఆ పెయింటరు దగ్గర ముసలమ్మ బేరమాడనిది ఆ అక్షరాల గురించే.

ఇక సిగ్గుపడాల్సిన సంగతి. తమిళనాడు తిరుచ్చిలో మేలపుదూర్ శ్మశానంలో దళిత క్రైస్తవుల సమాధుల్ని వేరుచేస్తూ గోడ ఉంది. చాలాకాలంగా దాని మీద పోరాటాలు జరుగుతున్నాయి. మన దగ్గర అంత ఎత్తు గోడ కనిపించకపోవచ్చు. కులం పేరుతో వేరే గుళ్లు, వేరే తోటలు ఉన్న ఊళ్లు మాత్రం ఉన్నాయి. హరిశ్చంద్ర నాటకం ఆడిన ప్రతి ఊళ్లోనూ కాటిసీనులో కవి జాషువా పద్యాలు వినిపించాయి. అంటరానితనం నిలవలేని చోటు శ్మశానమొక్కటేనని వినుకొండలో పుట్టిన ఆ క్రైస్తవుల బిడ్డ రాస్తే, హిందువులూ క్రైస్తవులూ ఒకేలా వన్స్‌మోర్ కొట్టారు. ఆ వన్స్‌మోర్ కొట్టినవాళ్ల పిల్లలే తోటకు రెండు గేట్లు పెడుతున్నారు. చివరి రోజున బూర ఊదితే ఏ గేటులోంచి రావాలో!

చందా, సెలవు

కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలో పదిహేనో అధ్యాయం మొత్తం పునరుత్థానం గురించే. భూస్థాపనలో చదివేది అదే. చివర్న మీ కష్టం వృథా పోదని చెప్పి ముగిస్తాడు. చాలామంది పుస్తకం అక్కడే మూసేస్తారు. తర్వాతి వాక్యం చందా గురించి! యెరూషలేములో బీదలున్నారు, ప్రతి ఆదివారం ఎవరికి కలిగిన దాంట్లోంచి వాళ్లు కొంత తీసి పక్కన పెట్టండి, నేనొచ్చాక వసూళ్లు వద్దు అంటాడు. బైబిలుకు ఇప్పుడున్న అధ్యాయాలు 13వ శతాబ్దంలో విడదీసినవి. పౌలు కలం మాత్రం కడబూర నుంచి కానుక సంచికి ఊపిరి తిప్పుకోకుండా వచ్చింది. మన పల్లె సంఘాల్లో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసే ఇల్లాళ్లకు ఆ లంకె ఎవరూ వివరించలేదు. ఆ బియ్యం అయ్యగారి ఇంటికి పోతుందా, ఊళ్లో పస్తున్న ఇంటికి పోతుందా అని లెక్క అడిగే సంఘాలు మాత్రం తక్కువ. అడగాలి.

అసలు ఆదివారమే ఈ నమ్మకం పెట్టిన రోజు. యూదులకు శనివారం విశ్రాంతి. యేసు లేచాడన్న రోజు గనక తొలి విశ్వాసులు ఆదివారం కూడుకున్నారు. క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ అధికారి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుస్తారని ఉంది. తెల్లారాక బానిసకు తీరికెక్కడిది? క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ ఆదివారాన్ని సెలవు చేశాడు, అదీ పొలం పనికి వర్తించదన్న మినహాయింపుతో.

ఆ మినహాయింపును ఒంగోలు దగ్గర మాదిగలు ఒప్పుకోలేదు. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాక ఆ చుట్టుపక్కల పల్లెలు కదిలాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వాళ్లకు పెట్టిన నియమాలు మూడే. విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు.  మూడోది మాత్రం మంట పెట్టింది. పిలిస్తే పలకాల్సిన వెట్టివాడు వారానికో రోజు రానంటాడా? కరణాలూ మునసబులూ కన్నెర్ర చేశారు. బావి నీళ్లు ఆపారు, పని ఆపారు, కేసులు పెట్టించారు. వీళ్లు దిగిరాలేదు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. ముంచుడు బాప్తిస్మమంటే పాతిపెట్టి లేపడమే, నీళ్లలో చేస్తారు. లేచినవాళ్లు తడి బట్టలతో ఇళ్లకు పోయి, మళ్లీ వచ్చిన ఆదివారం పనికి రామని చెప్పారు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాడి ఆదివారం సెలవు సాధించింది 1890లో, అంతకు పన్నెండేళ్ల తర్వాత. ఆయన ఘనత ఆయనదే. ఒంగోలు మాదిగల పేరు కూడా ఆ పక్కన రాసి ఉండాల్సింది.

ఆ ఆదివారం పేచీ ఇంకా ముగియలేదు, రోజూ మన గుమ్మంలోనే జరుగుతోంది. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య విన్నది:

"ఆదివారం పొద్దున రానమ్మా. గుడికెళ్లాలి."

"ఆదివారమే కదే చుట్టాలొచ్చేది! పోనీ ఏడింటికి వచ్చి అంట్లు తోమేసి పో."

"ఏడింటికి క్వాయర్ ప్రాక్టీసు."

"పాటలు పాడితే అన్నం పెడతారా?"

"నేనే పెడతానమ్మా, నెలకో ఆదివారం ప్రేమవిందుకి వంట మా వీధిదే. మీ అంట్లు సోమవారం ఐదింటికే వచ్చి తోముతా, గిన్నెల్లో నీళ్లు పోసి నానబెట్టండి."